తొమ్మిదో తీగ

ఉక్కుతీగ కొసనున్న ఇత్తడి పూసను మర కొక్కేనికి తగిలించి, రెండో కొసను బిగించి, పెద్దక్క కాలితో మీట నొక్కింది. మర తిరగడం మొదలుపెట్టింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తోలుముక్క పెట్టుకుని, అందులోంచి సన్నటి నికెల్ తీగను వదులుతూ ఎడమనుంచి కుడికి అడుగులో అడుగేసుకుంటూ జరిగింది. లోపలి ఉక్కుతీగ గిర్రున తిరుగుతుంటే, పై తీగ దాని ఒంటికి వరసగా చుట్టుకుంటోంది. వరసకూ వరసకూ మధ్య వెంట్రుక దూరేంత సందు కూడా ఉండకూడదు. ఉంటే ఆ తీగ పలకదు, గీపెడుతుంది. కొసకొచ్చాక మీట వదిలి, మిగిలిన తీగను తుంచి, చుట్టినదాన్ని గోడమేకుకు వేలాడదీసింది. పొద్దున్నుంచి అది పందొమ్మిదోది.

ఉద్యోగానికి అది ఆఖరిరోజు. సాయంత్రం నాలుగింటికి టీ, రెండు మంచిమాటలు, ఒక కానుక. కానుకేమిటో రహస్యమని మేస్త్రి అందరి నోళ్ళూ కట్టేశాడు గానీ, అట్టపెట్టె లోపల్నుంచి అదే టిక్కుటిక్కుమని గుట్టు విప్పేస్తోంది. గడియారాలు బాగుచేసేవాడి పెళ్ళానికి గోడగడియారం. ఎవరి బుర్రకు తట్టిందో గానీ ఆ బుర్ర చల్లగా ఉండాలి. పెద్దక్క తనలో తను నవ్వుకుని ఇరవయ్యోదాన్ని ఎక్కించింది.

ఆ తీగల షెడ్డులో పదకొండు మరలున్నాయి. గుమ్మం దగ్గరవి సన్నతీగలవి. వాటికి వెలుతురెక్కువ, మర్యాదా ఎక్కువే. చూడవచ్చినవాళ్ళెవరైనా అక్కడే ఆగిపోతారు. మూలనున్నది లావుతీగల మర. పాటకు అడుగున నిలబడి మోగే బేస్ గిటారు ఉంటుందే, దాని తీగలన్నీ ఆ మూలలోనే పుడతాయి. ముప్ఫై ఒక్కేళ్ళ కిందట కొత్తగా చేరినప్పుడు, ఖాళీగా ఉందని ఆమెను అక్కడికి తోశారు. ఆ తర్వాత ఇవతలకు రమ్మని ఎవరూ పిలవలేదు, ఆమె అడగనూ లేదు. పొట్టిమనిషి, వెడల్పాటి భుజాలు. ఒకే వైపుకు జరిగి జరిగి కుడిభుజం అంగుళం కిందికి దిగింది. తీగ నడిచి నడిచి చూపుడువేలి మీద గాడి పడింది. ఎంత సబ్బు పెట్టి తోమినా ఆ గాడిలో నలుపు వదలదు.

ఇన్నేళ్ళు చేసినా, తాను చుట్టిన తీగ మోత ఆమె ఒక్కసారి కూడా వినలేదంటే నమ్మండి. షెడ్డులో తీగను లాగి చూస్తారు, కొలుస్తారు, పొట్లంలో పెడతారు, వాయించరు. ఇంట్లో ఉన్నది అరచేతిలో ఇమిడే రేడియో. దాని బుల్లి స్పీకర్లో పాడే గొంతు వినపడుతుంది, తాళాలు వినపడతాయి, అడుగునున్న బేస్ మాత్రం ఉందో లేదో దేవుడికెరుక. పాట వచ్చినప్పుడల్లా పెద్దక్క రేడియోను చెవికి ఆనించుకుని తన తీగను వెతుక్కునేది. అది చూసి భర్తకు నవ్వాగేది కాదు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదడం విన్నాను గానీ, ఊదినా మోగని శంఖం చేసేదాన్ని నిన్నే చూశానే," అనేవాడు.

ఆయన చెవి అలాంటిది మరి. ఆగిపోయిన వాచీని విప్పి, తుడిచి, బిగించి, చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. సరిగ్గా నడుస్తుంటే "ఆడుతోంది" అంటాడు. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడడు. ఆయన ఆడుతోందన్న వాచీ వెనక్కి రావడం ఆమె ఎరగదు. ఆ ఒక్కమాట తన పనికి కూడా ఆయన చేత అనిపించుకోవాలని ఆమెకు ఏనాటినుంచో కోరిక. పైకి చెప్పుకుంటే చిన్నపిల్లల గోలలా ఉంటుందని చెప్పుకోలేదు. ముందు తానంటూ ఒకసారి వింటే కదా, ఆయనకు వినిపించడానికి. ఇక ఆ ముచ్చట తీరేది లేదని ఆవేళ పొద్దున బస్సులో అనుకుంది కూడా.

పదింటికి ఒక మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. నలభయ్యేళ్ళుంటాయి. కళ్ళద్దాలు, చొక్కా జేబు మీద సుద్దమరక, వీపున తనకన్నా పొడవైన సంచీ. స్కూల్లో లెక్కలు చెబుతానని, సాయంత్రాలు స్నేహితులతో కలిసి బేస్ వాయిస్తానని చెప్పుకుని, సంచీలోంచి వాయిద్యాన్ని తీసి బల్లమీద పెట్టాడు. మరలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మామూలు బేస్‌కు నాలుగు తీగలుంటాయి. దీనికి తొమ్మిది. మెడ చూస్తే కిటికీ తలుపంత వెడల్పుంది.

"తొమ్మిదేం చేసుకుంటారు సార్? చేతులు రెండేగా ఉన్నది," అన్నాడు మేస్త్రి.

"ఎనిమిది బాగానే పలుకుతున్నాయండీ. గొడవంతా ఈ తొమ్మిదోదాంతోనే," అన్నాడు మాస్టారు. "ఇది సెకనుకి పదిహేడుసార్లు ఊగాలి. మామూలు బేస్‌లో అన్నిటికన్నా కింద పలికేది నలభై ఒక్కసారి ఊగుతుంది."

"ఇరవైకి కిందైతే మనిషి చెవికి అందదు కదా."

"అవునండీ."

"మరి వినపడని తీగెందుకు సార్? ఉన్న నాలుగింటికే స్పీకర్లు ఏడుస్తున్నాయి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట."

మాస్టారికి కోపం రాలేదు. ఈ ప్రశ్న చాలాచోట్ల విన్నవాడిలా ఓపిగ్గా చెప్పాడు. "అడుగుస్వరం చెవికి అందదండీ, ఒంటికి అందుతుంది. దానిమీద పుట్టే పైస్వరాలు చెవికీ అందుతాయి. అవి ఒకదానితో ఒకటి కలవాలి, అంతే. ఈ తీగలో కలవడం లేదు. ఇవాళ ఆరింటికి మా కచేరీ. ఏడు దుకాణాలు తిరిగి ఇక్కడికొచ్చాను."

పెద్దక్క ఎప్పుడొచ్చిందో బల్ల దగ్గరికొచ్చేసింది. పెన్సిలంత లావున్న ఆ తొమ్మిదో తీగను వేలితో లాగి వదిలింది. ఇనపచువ్వ గచ్చుమీద పడ్డట్టు ఠంగుమంది. గోటితో ఒకసారి గీకింది, బొటనవేలితో వంచబోయింది, వంగలేదు. ఆమె మొహంలోకి వెలుగొచ్చింది.

"లోపలున్నది ఆరుపలకల ఉక్కుతీగ మాస్టారూ. ఆ పలకల అంచులు పై చుట్టును గట్టిగా కరిచిపట్టుకుంటాయి. సన్న తీగకది మంచిదే. ఇంత లావుకైతే బిగుసుకుపోయి చువ్వైపోతుంది. లోపల గుండ్రటిది వెయ్యాలి. అప్పుడు ఒళ్ళు వదులుగా ఊగుతుంది, మీరన్న పైస్వరాలూ కలుస్తాయి."

మాస్టారు కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏడు దుకాణాల్లో ఈ మాట ఒక్కరూ చెప్పలేదమ్మా."

"నన్నూ ఎవరూ అడగలేదు మాస్టారూ."

మేస్త్రి అడ్డం పడ్డాడు. "పెద్దక్కా, నీ వాటా ఇంకా సగం ఉంది. ఇది పనికొచ్చే పనేనా?"

"పనికొచ్చేవి ముప్ఫై ఒక్కేళ్ళు చేశాను. సాయంత్రానికి నా అంతట నేనే పోతున్నా. ఇంక నన్నెక్కడ తీసేస్తావు మేస్త్రీ?"

షెడ్డంతా గొల్లుమంది. మేస్త్రి కూడా నవ్వాపుకోలేక, నాలుగింటికి టీ దగ్గర కనపడకపోతే ఊరుకోనని చెప్పి పక్కకు తప్పుకున్నాడు.

గుండ్రటి ఉక్కుతీగ వాడకం తగ్గిపోయి చాలా ఏళ్ళయింది. కింది అరలో, దుమ్ముకొట్టుకుపోయిన ఉండ ఒకటి దొరికింది. చేతులు బారచాచి కొలిస్తే రెండు తీగలకు సరిపోయేలా ఉంది. పెద్దక్క దాన్ని గుడ్డతో తుడిచి, పూసకు మెలేసి, మరకెక్కించింది. మొదటి పొర సన్నటి తీగతో, దానిమీద రెండోది కాస్త లావుతో, మూడోది ఇంకాస్త. పొరపొరకూ వేళ్ళ పట్టు మార్చాలి. బిగిస్తే చువ్వవుతుంది, వదిలేస్తే లోపల గాలి నిలిచి మూగబోతుంది. ఆ మధ్యనున్నది ఎంతో ఏ కొలబద్దా చెప్పదు. చూపుడువేలి గాడికి మాత్రం తెలుసు. వాయిద్యం మీద తీగను బిగించే మరచీల రంధ్రంలో కొస దూరాలి కనక పైపొరలను ముందే ఆపేసి, చివరి జానెడూ సన్నగా వదిలింది. నాలుగో పొర వేస్తున్నప్పుడు మర చప్పుడు మారింది. బండి చదును దారి మీదికి ఎక్కినట్టు గరగర పోయి నున్నగా అయింది. పెద్దక్కకు కాళ్ళు నేలమీద నిలవలేదు. ఈ వయసులో ఇదేం సంబరమని తనను తాను తిట్టుకుంది, తిట్టుకుంటూనే నవ్వింది.

పన్నెండున్నరకు తీగ మాస్టారి చేతిలో పడింది. ఆయన దాన్ని పసిబిడ్డను అందుకున్నట్టు రెండు చేతులతో అందుకుని కచేరీ హాలుకు పరుగెత్తాడు.

రెండింటికి అంతే పరుగున వెనక్కి వచ్చాడు. మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. చేతిలో తీగ ఒంటిమీది చుట్టంతా వదులై, పాముకుబుసంలా కదులుతోంది. బిగించి వాయిస్తే డబ్బుమని చప్పుడొచ్చిందట, అంతే.

మాస్టారు కోసిన కొసను పెద్దక్క చూసింది. ఎక్కడా వంపు లేదు.

"వంచకుండా కోశారా మాస్టారూ?"

"వంచడమేమిటమ్మా? ఎప్పుడూ ముందు కోసేగా ఎక్కిస్తాను."

ఆరుపలకల తీగను ఎలా కోసినా ఏమీ కాదు. పలకలు చుట్టును పట్టుకునే ఉంటాయి. గుండ్రటిది అలా కాదు. ముందు కొసను మడతపడేలా వంచి, ఆ వంపుకు అవతల కొయ్యాలి. వంపే తాళం. అది లేకుండా కత్తెర పడిందా, పై చుట్టు ఆ కొసనుంచి ఈ కొసదాకా జారిపోతుంది. ఈ సంగతి పొట్లం మీద ఎర్ర అక్షరాలతో అచ్చేసి ఉంటుంది. చుట్టేవాళ్ళు చుడతారు, కొనేవాళ్ళు చదువుకుంటారు. ఇన్నేళ్ళలో పెద్దక్క ఎవరికీ నోటితో చెప్పాల్సిన అవసరం రాలేదు. ఈ తీగకు పొట్లం లేదు.

"తప్పు నాది," అంది పెద్దక్క. "నా నోరేమైందో."

"పోనీలెండమ్మా, ఎనిమిదితోనే కానిచ్చేస్తాం," అన్నాడు మాస్టారు. మాట అన్నాడు గానీ ఆ పనికిరాని తీగను కింద పెట్టలేకపోతున్నాడు.

ఉండలో మిగిలింది ఆమె మళ్ళీ కొలిచింది. కావలసినదానికన్నా బెత్తెడు ఎక్కువ. ఈసారి ఎక్కడ తెగినా, ఎక్కడ తప్పినా ఇక లేదు. అవతల బల్లమీద గుడ్డ పరుస్తున్నారు, టీకప్పులు తెస్తున్నారు. పెద్దక్క తోలుముక్క మార్చుకుని మర దగ్గర నిలబడింది.

రెండో పొరలో ఆత్రంకొద్దీ ఆమె తొందరపడింది. నికెల్ తీగ ఉండ జర్రున లాగి, ఆగి, మళ్ళీ లాగుతోంది. ఇంతలో ఎవరో వెనకనుంచి ఆ ఉండను రెండరచేతుల మధ్య పట్టుకుని, కుదుపు లేకుండా నెమ్మదిగా వదలడం మొదలుపెట్టారు. తల తిప్పకుండానే చేతుల్ని గుర్తుపట్టింది. మేస్త్రి.

"పనికిమాలిన పని," అని గొణిగాడు.

"గట్టిగా పట్టుకో," అంది పెద్దక్క.

నాలుగూ పదికి తీగ దిగింది. చల్లారిన టీని రెండు గుక్కల్లో తాగి, మేస్త్రి మొదలుపెట్టిన మంచిమాటలను మధ్యలోనే ఆపి, "అవి తర్వాత చెబుదువుగాని, తీగను నేనే ఎక్కించాలి," అని ఏప్రన్ విప్పేసింది. ముప్ఫై ఒక్కేళ్ళలో తీగ వెంట ఆమె గుమ్మం దాటడం అదే మొదలు. గడియారం పెట్టెను చంకలో ఇరికించారు. మాస్టారి వ్యాన్లోంచి భర్తకు ఫోన్ చేసింది.

"ఆరింటిలోపు కచేరీ హాలుకి రా. ఎందుకని అడక్కు."

"కొట్లో ముగ్గురున్నారే."

"ముగ్గురికీ రేపు రమ్మను. వాళ్ళ వాచీలు ఎలాగూ ఆగిపోయేగా ఉన్నాయి, వాళ్ళకేం తొందర."

హాలు మరీ పెద్దదేం కాదు. చెక్కవేదిక, ఇనపకుర్చీలు, రెండు పక్కలా నల్లటి స్పీకర్లు. పెద్దక్క వేదిక అంచున కూర్చుని, తొమ్మిది తీగల వాయిద్యాన్ని ఒళ్ళో పెట్టుకుంది. తీగను గాడిలో కూర్చోబెట్టింది, మరచీలదాకా లాగి కొలిచింది, పటకారుతో మడతపడేలా వంచింది. కత్తెర అందుకోబోయి ఆగి, అంగుళం అవతల మరో వంపు వేసింది. అప్పుడు రెండు వంపుల మధ్య కోసింది. చిటికెనవేలంత ముక్క చేతిలో మిగిలింది.

"పారేసే ముక్కకి కూడా వంపెందుకమ్మా?" అన్నాడు మాస్టారు.

"విడిపోతుంటే చూడలేను మాస్టారూ," అని ఆ ముక్కను జేబులో వేసుకుంది.

శ్రుతి చూసే మీటరు ఆ స్వరాన్ని పట్టలేక అటూ ఇటూ తూలింది. మాస్టారు తీగ నడిమధ్యన వేలు ఆనించి, రెట్టింపు స్వరం పుట్టించి, దాన్నిబట్టి బిగువు సరిచేశాడు. సౌండు చూసే అతను మాత్రం తన బల్ల దగ్గర్నుంచే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ముప్ఫైకి కింద ఉన్నదంతా నేను ఇక్కడ కోసేస్తాను సార్. స్పీకర్లు చిరిగిపోతాయి. ఎలాగూ ఎవరికీ వినపడదు."

పెద్దక్క లేచి అతని బల్ల దాకా నడిచింది. కోపంగా నడిచిందనుకున్నారు గానీ, దగ్గరికెళ్ళాక ఆమె గొంతు చాలా మెత్తగా వచ్చింది.

"ఒక్క నిమిషం కొయ్యకు నాయనా. ముప్ఫై ఒక్కేళ్ళు వీటిని చుట్టాను. ఒక్కటీ వినలేదు. రేపటినుంచి చుట్టను."

అతను ఆమె చూపుడువేలి వంక చూశాడు. లేచి, వేదిక కింద మూలన పడున్న బీరువాంత స్పీకరుకు వైరు కలిపి, పక్క స్పీకర్లను తగ్గించి, కానివ్వమన్నట్టు తలూపాడు.

అప్పటికి భర్త వచ్చాడు. కంటికి పెట్టుకునే భూతద్దం తీయడం మరిచిపోయి నుదుటిమీదే ఉంచుకుని వచ్చాడు. ఏమిటి సంగతని అడగబోతే, పెద్దక్క పెదవుల మీద వేలు పెట్టి, వేదిక అంచున పక్కనే కూర్చోబెట్టుకుంది.

మాస్టారు తొమ్మిదో తీగను లాగి వదిలాడు.

మొదట ఏమీ వినపడలేదు. తీగ ఊగడం కంటికి కనపడింది, లెక్కపెట్టబోయి ఓడిపోయేంత వేగంతో. తర్వాత పెద్దక్క అరికాళ్ళకు తెలిసింది. అక్కణ్ణుంచి మోకాళ్ళకు, నడుముకు, రొమ్ముకు ఎక్కింది. ఒళ్ళోనున్న పెట్టెలో గడియారం అద్దం టకటక కొట్టుకుంది. ఆ తర్వాత ఆ అడుగుమీద ఒక నల్లటి, చిక్కటి స్వరం లేచి నిలబడింది. అందులో గీపెట్టడం లేదు, గరగర లేదు. స్వరం మీద స్వరం, ఒక వరసను ఇంకో వరస ఒరుసుకుని కూర్చున్నట్టే కూర్చుంది. నాలుగు పొరలూ ఆమెకు విడివిడిగా తెలిశాయి. ఇదా, ఇన్నేళ్ళూ నేను చేసింది ఇదా అని ఆమెకు పట్టరాని ఆనందం వచ్చింది. కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

భర్త కూర్చున్నచోటే ఒక పక్కకు వంగి, అరచెయ్యి చెక్కమీద పరిచి, కళ్ళు మూసుకున్నాడు. మాస్టారు రెండోసారి వాయించాడు, మూడోసారి వాయించాడు. ఆయన చెయ్యి తియ్యలేదు. పెద్దక్క ఆయన మొహంకేసే చూస్తోంది.

"ఆడుతోంది," అన్నాడు.

ఆమెకు వినపడింది. అయినా, "ఏంటీ?" అంది.

"ఆడుతోందే. ఒక్క దెబ్బ తప్పకుండా ఆడుతోంది."

ఆ సాయంత్రం కచేరీ మొత్తంలో మాస్టారు ఆ తీగను ముట్టుకున్నది నాలుగుసార్లు. అంతకుమించి దానికి పని లేదని ఆయనే ఒప్పుకున్నాడు. కానీ ముట్టుకున్న నాలుగుసార్లూ, ముందువరసలో కూర్చున్నవాళ్ళు మాటలాపి తమ కాళ్ళకేసి చూసుకున్నారు. షెడ్డు మూసేసి వచ్చి వెనకవరసలో నిలబడ్డ మేస్త్రి కూడా చూసుకున్నాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ గడియారాన్ని మధ్యన పెట్టుకుని బస్సులో ఇంటికి వెళ్ళారు. అది రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతుందని ఆయన దారిలోనే తేల్చేశాడు.

ఆ తర్వాత పెద్దక్క రెండేళ్ళ మూడు నెలలు బతికింది. ఒక మధ్యాహ్నం రేడియో పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది. పాటలైపోయి వార్తలొస్తున్నా కట్టదేమని భర్త కొట్లోంచి లోపలికొచ్చాడు. ఆమె మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత రేడియో కట్టేశాడు.

రేడియో ఇప్పుడూ ఆ కుర్చీ పక్క కిటికీలోనే ఉంటుంది. దాని మీద చిటికెనవేలంత తీగముక్క ఒకటి ఉంది. కోసిన పక్క వంచి ఉంది, చుట్టు ఒక్క వరస కూడా విడలేదు.